కలుపు కషాయానికి కొలత కావాలి

మిరప చేలో పూత రాలుతోందంటే గుంటూరు రైతుకైనా ఖమ్మం రైతుకైనా ముందు గుర్తొచ్చే పేరు ప్లానోఫిక్స్. నాలుగున్నర లీటర్ల నీటికి ఒక్క మిల్లీలీటరు కలుపుతారు. అలా కలిపిన నీటిలో అసలు పనిచేసే పదార్థం, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, లీటరుకు 10 మిల్లీగ్రాములే ఉంటుంది. ఆ కాస్తకే పువ్వు కాడ తెగిపోకుండా నిలబడుతుంది. అదే చేనుకు పక్కనున్న వరి పొలంలో 2,4-డి అనే కలుపు మందు కొట్టిన రోజున గాలి ఇటు తిరిగిందంటే మాత్రం మిరప ఆకులు సన్నగా సాగి మెలితిరిగిపోతాయి. చేను తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఒక్కోసారి తేరుకోదు.

ఈ రెండు మందులూ ఒకే కోవకు చెందినవి. మొక్క తనలో తాను తయారుచేసుకునే ఆక్సిన్ అనే హార్మోన్‌ను అనుకరించేవే రెండూ. చలికి టమాటాలో పిందె నిలవకపోతే 2,4-డినే లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల లెక్కన వాడమని పాత ఉద్యాన పుస్తకాల్లో ఉంది. చుక్కల్లో పడితే పిందెను నిలిపే పదార్థమే, మోతాదు పెరిగితే వెడల్పాకుల కలుపును మాడ్చేస్తోంది.

ఇప్పుడు ఇదే సంగతిని కలుపు మొక్క వైపు నుంచి చూద్దాం. గట్ల మీద, కాలువల్లో, కూరగాయల మడుల్లో మనం కూలి ఇచ్చి పీకించి పారేసే వయ్యారిభామ, తుంగ, గుర్రపుడెక్క తమ చుట్టూ వేరే మొక్కను ఎదగనివ్వని రసాయనాలను దాచుకున్నాయి. ఆ రసాన్ని చిక్కగా పోస్తే విత్తనం మొలవదు. బాగా పలచన చేస్తే? కొన్ని సందర్భాల్లో అదే విత్తనం మామూలు నీటిలో కన్నా పొడవైన వేరు వేస్తుంది. తక్కువ గాఢతలో మొలకకు ఊపు వచ్చినట్టు చాలా ప్రయోగాలు చూపాయి. టానిక్కుల కోసం దుకాణంలో అప్పు పెట్టే కూరగాయల రైతుకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ పలచన ఎంత అన్నది తేలకుండా ‘కలుపుతో కషాయం చేసి కొట్టండి’ అని చెప్పడం రైతును చీకట్లోకి నెట్టడమే.

పొరుగు మొక్క మీద రసాయన యుద్ధం

ఒక మొక్క వదిలే పదార్థాలు పక్క మొక్క మీద పనిచేయడాన్ని అల్లెలోపతీ అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హన్స్ మోలిష్, 1937లో. పేరు ఆయనది కావచ్చు, విషయం మాత్రం మన రైతుకు అంతకుముందే తెలుసు. జొన్న కోసిన చేలో వెంటనే వేసిన పైరు గిడసబారుతుందని తెలంగాణ, రాయలసీమ మెట్ట రైతులు పెద్దల నోట విన్నదే. జొన్న వేళ్ల నుంచి సోర్గోలియోన్ అనే జిడ్డు పదార్థం కారుతుంది. పొరుగు మొలకలను అది అణుస్తుంది. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జాహిద్ అటా చీమా, ఆయన సహచరులు జొన్న మొక్కలను నీటిలో నానబెట్టి తీసిన సారాన్ని కలుపు అణిచే పిచికారీగా ఏళ్ల తరబడి పరీక్షించారు. దానికి సోర్గాబ్ అని పేరు. అదే సారాన్ని బాగా పలచన చేసి కొడితే పైరు పెరుగుదలకు తోడ్పడుతుందని ఆ విశ్వవిద్యాలయం వాళ్లే తర్వాత చూపించారు.

చిక్కగా ఉంటే అణచడం, పలచగా ఉంటే లేపడం అనే ఈ గుణానికి హార్మెసిస్ అని పేరు. 1943లో అమెరికాలో సదమ్, ఎర్లిక్ అనే ఇద్దరు పరిశోధకులు రెడ్ సీడర్ అనే చెట్టు చేవలోంచి తీసిన సారాన్ని కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రాల మీద పెట్టి చూశారు. ఎక్కువ గాఢతలో శిలీంధ్రం ఆగిపోయింది. బాగా తక్కువ గాఢతలో మామూలు కన్నా ఎక్కువగా పెరిగింది. కలుపు సారాలను పెరుగుదల మందులుగా వాడాలన్న ఆలోచన అంతటికీ పునాది ఈ గమనికే. ఇక్కడొక చిక్కుంది. అణచడానికీ లేపడానికీ మధ్య గీత ఒక్కో కలుపుకు ఒక్కో చోట ఉంటుంది. ఒకే కలుపులోనూ ఆకుకు ఒకచోట, వేరుకు ఒకచోట, పూతకు ముందు ఒకచోట, పూత తర్వాత మరోచోట ఉంటుంది. ముల్లంగికి నప్పిన గాఢత టమాటాకు నప్పకపోవచ్చు.

గడ్డిలోంచి వచ్చిన శాస్త్రం

పెరుగుదల హార్మోన్ల కథలో కలుపు మొక్కలకూ పశువుల మేతకూ ఉన్న చోటు మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

కొబ్బరినీళ్లలో మొక్క కణాలను విభజింపజేసే శక్తి ఉందని 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం కనిపెట్టింది ఉమ్మెత్త మీదే. ఉమ్మెత్త గింజలోని అతి లేత పిండాన్ని విడిగా తీసి పెంచబోతే చచ్చిపోయేది. కొబ్బరినీళ్లు కలిపిన ద్రావణంలో బతికి పెరిగింది. ఆ శక్తి సైటోకైనిన్లు అనే హార్మోన్ల కోవది అని తర్వాత తేలింది. ఇవాళ కొబ్బరి, మజ్జిగ కలిపి పులియబెట్టి పూత దశలో కొడుతున్న సేంద్రియ రైతుల పద్ధతి వెనక ఎంతో కొంత ఆధారం ఉందంటే అది అక్కడిది.

జొన్న వేళ్లను పీల్చి బతికే స్ట్రైగా అనే కలుపు ఉంది. పోషించే మొక్క వేరు దగ్గరగా వస్తే తప్ప దాని విత్తనం మొలవదు. ఏ సంకేతం చూసి మొలుస్తోందని వెతికితే 1966లో పత్తి వేళ్ల స్రావంలో స్ట్రైగోల్ దొరికింది. ఆ కోవ పదార్థాలు మొక్కలో కొమ్మలు ఎన్ని రావాలో నిర్ణయించే హార్మోన్లని 2008లో రుజువైంది. అన్నేళ్లూ ఒక హార్మోన్ ఒక కలుపు ముఖంలో మన ఎదుటే ఉందన్నమాట.

వీటన్నిటికన్నా మన విషయానికి దగ్గరైనది లూసర్న్ గడ్డి కథ. అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ రీస్ అనే ఉద్యాన శాస్త్రవేత్త లూసర్న్ ఎండుగడ్డిని తరిగి టమాటా సాళ్ల దగ్గర వేస్తే దిగుబడి పెరిగింది. గడ్డిలో ఉన్న నత్రజని లెక్క కడితే అంత పెరుగుదలకు చాలదు. ఇంకేదో ఉందని వెతికి, ఆకు మీది మైనంలో ఉండే 30 కార్బన్ల ఆల్కహాల్ ట్రయకాంటనాల్‌ను పట్టుకున్నారు. 1977లో సైన్స్ పత్రికలో అచ్చయింది. మన ఎరువుల దుకాణాల్లో ఏళ్లుగా అమ్ముతున్న కొన్ని టానిక్కుల్లో ఉన్నది ఇదే పదార్థం.

రీస్ పనిలో నాకు నచ్చింది పట్టుకున్న పదార్థం కాదు, అడిగిన ప్రశ్న. ‘ఎరువు వల్ల వచ్చిన పెరుగుదల తీసేస్తే ఇంకా ఏం మిగిలింది?’ కలుపు కషాయం గురించి మాట్లాడే ఎవరైనా ముందు అడగాల్సింది ఇదే. ఆ తర్వాత జరిగిందీ చెప్పుకోవాలి. ట్రయకాంటనాల్ ప్రయోగశాలలో, గాజు ఇంట్లో చూపించిన ఫలితం పొలంలో ప్రతిసారీ రాలేదు. ఒకచోట పెరిగింది, ఇంకోచోట ఏమీ కాలేదు. అంత శుద్ధి చేసి, అంత కచ్చితంగా తూచి వాడిన పదార్థానికే ఆ గతి పట్టినప్పుడు, డ్రమ్ములో నానేసిన ఆకు రసం ప్రతి చేలోనూ ఒకే ఫలితం ఇస్తుందని ఎవరూ మాటివ్వలేరు.

అందులో ఉన్నది హార్మోనేనా?

‘కలుపు మొక్క వేగంగా పెరుగుతుంది కాబట్టి దానిలో హార్మోన్లు ఎక్కువ, ఆ రసం కొడితే మన పైరూ అలాగే పెరుగుతుంది.’ సేంద్రియ శిక్షణల్లో తరచూ వినిపించే మాట ఇది. వినడానికి బాగుంది. లెక్క వేసి చూద్దాం.

తాజా ఆకులో ఆక్సిన్ గ్రాముకు నానోగ్రాముల్లో ఉంటుంది. 50 నానోగ్రాములు అనుకుందాం. కిలో ఆకులో 50 మైక్రోగ్రాములు. అదంతా పది లీటర్ల నీటిలోకి దిగిందనుకున్నా లీటరుకు 5 మైక్రోగ్రాములు. మనం మొదట చెప్పుకున్న ప్లానోఫిక్స్ నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. తేడా రెండు వేల రెట్లు. పైగా సహజమైన ఆక్సిన్ వెలుతురుకూ గాలికీ త్వరగా విరిగిపోతుంది. ట్రయకాంటనాల్ సంగతి ఇంకోటి. మోతాదు అతి తక్కువే సరిపోతుంది కానీ అది మైనం జాతిది, నీటిలో కరగదు. ఆకును చన్నీళ్లలో నానబెడితే దిగేది నామమాత్రం.

మరైతే కలుపు కషాయం కొట్టాక చేను పచ్చబడిందని చెప్పే రైతులంతా పొరబడ్డారా? కాదు. పచ్చబడటం నిజం, కారణం వేరు అని నా నమ్మకం. గుర్రపుడెక్క, వయ్యారిభామ లేత దశలో నత్రజనినీ పొటాష్‌నీ బాగా దాచుకునే మొక్కలు. నానబెట్టినప్పుడు పొటాష్ చాలావరకు నీటిలోకి దిగుతుంది. కుళ్లుతున్న కొద్దీ మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలవుతాయి. ఇదంతా ఆకు మీద పడితే పలచటి ఎరువు కొట్టినట్టే. ఇక పులిసే డ్రమ్ములో పెరిగే సూక్ష్మజీవులు ఉన్నాయి. నేలలో ఉండే అనేక రకాల బ్యాక్టీరియాలు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆక్సిన్‌గా మార్చగలవు. ఆకులోంచి రాని హార్మోన్ డ్రమ్ములో పుట్టవచ్చు. జీవామృతం పనిచేసే దారుల్లోనూ ఇదొకటి కావచ్చు.

వీటి తర్వాతే హార్మెసిస్. కెఫియిక్, ఫెరూలిక్, వెనిలిక్ ఆమ్లాల వంటి ఫినాల్ పదార్థాలు కలుపు సారంలో ఉంటాయి. వీటిని కాస్త తగిలిస్తే మొక్క తన రక్షణ ఎంజైములను పెంచుకుంటుంది. తర్వాత వచ్చే ఎండ దెబ్బనో ఉప్పునీటి దెబ్బనో మెరుగ్గా తట్టుకుంటుంది. అలాంటప్పుడు లాభం కనిపించేది కష్టంలో ఉన్న చేలోనే. నీరు, ఎరువు సక్రమంగా అందుతున్న తోటలో తేడా కనిపించకపోవచ్చు. ఒకే కషాయం గురించి ఇద్దరు రైతులు రెండు రకాలుగా చెప్పడానికి ఇదొక కారణం అయ్యుంటుంది.

కారణం ఏదైతేనేం, పంట బాగుంటే చాలు కదా అని అడగవచ్చు. చాలదు. పనిచేస్తున్నది పొటాష్ అయితే దాన్ని చవగ్గా, తూచి వేసే దారి వేరే ఉంది. పనిచేస్తున్నది సూక్ష్మజీవి అయితే కషాయాన్ని మరిగించడం తప్పు. ఫినాల్ అయితే నాలుగు చుక్కలు ఎక్కువ పడటమే తప్పు. కారణం తెలియకపోతే ఏ జాగ్రత్త తీసుకోవాలో తెలియదు.

ఒక్కో కలుపుది ఒక్కో దారి

గుర్రపుడెక్కతో మొదలుపెడతాను, ఎందుకంటే దీని మీద మన దేశంలోనే పాత పరిశోధన ఉంది. 1960-61 ప్రాంతంలో కోల్‌కతాలో ఎస్.ఎం.సర్కార్, ఆయన సహచరులు గుర్రపుడెక్క వేళ్ల సారానికి పెరుగుదలను మార్చే గుణం ఉందని గుర్తించారు. జిబ్బరెల్లిక్ ఆమ్లంతో పోల్చి జనపనార మొక్కల మీద దాన్ని పరీక్షించారు. ఆరు దశాబ్దాలు గడిచాయి. కొల్లేరులో, గోదావరి, కృష్ణా డెల్టా కాలువల్లో టన్నుల కొద్దీ గుర్రపుడెక్కను తీసి గట్టున పోస్తున్నాం. ఏ కూరగాయకు ఎంత పలచన అన్న సిఫార్సు మాత్రం మన రైతు చేతికి రాలేదు.

దీనితో పెద్ద ప్రమాదం ఒకటుంది. గుర్రపుడెక్క నీటిలోని కాడ్మియం, సీసం వంటి భార లోహాలను వేళ్లతో పీల్చి దాచుకుంటుంది. మురికినీటిని శుద్ధి చేయడానికి దాన్ని వాడేదీ ఈ గుణం వల్లే. కాబట్టి మూసీలోనూ, ఫ్యాక్టరీల నీరు కలిసే చెరువుల్లోనూ పెరిగిన గుర్రపుడెక్కను కూరగాయల మీదకు ఏ రూపంలోనూ తేకూడదు. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరల మీద అసలే వద్దు. శుభ్రమైన సాగునీటి కాలువలో పెరిగినదైతే ఆలోచించవచ్చు.

తుంగ సంగతి కాస్త ఆశాజనకం. 1977లో లెరాయ్ హోమ్, ఆయన సహచరులు ప్రపంచపు కలుపు మొక్కల మీద రాసిన పెద్ద గ్రంథంలో అన్నిటికన్నా చెడ్డ కలుపుగా మొదటి స్థానం దీనికే ఇచ్చారు. దీని గడ్డల వాసన మనకు సుగంధ ద్రవ్యంగా, తుంగముస్తలుగా ఆయుర్వేదంలో పరిచయమే. బ్రెజిల్‌లో ఈ మొక్కను తిరిరీకా అంటారు. అక్కడ తోటల పెంపకందార్లు తుంగ గడ్డలను దంచి తీసిన నీటిలో కొమ్మ కత్తిరింపులను ముంచి నాటుతారు, వేర్లు త్వరగా వస్తాయని. అక్కడి విశ్వవిద్యాలయాలు దీన్ని పరీక్షించాయి. కొన్ని మొక్కల్లో వేర్లు పెరిగాయి, కొన్నిట్లో మామూలు నీటికీ దీనికీ తేడా రాలేదు. మనకు దొండ, చిలగడదుంప, బచ్చలి, మునగ తీగ ముక్కలతోనో కొమ్మలతోనో పెంచేవే. దొండ పందిరి వేసే రైతు పాతిక ముక్కలను తుంగనీటిలో, పాతిక ముక్కలను వట్టి నీటిలో ముంచి పక్కపక్కనే నాటితే ఖర్చేమీ లేదు. రసం తీశాక మిగిలిన పిప్పిని మాత్రం చేలో పారేయకూడదు. ఒక్క గడ్డ బతికినా మడి నిండిపోతుంది. ఉడకబెట్టో, బండ మీద పూర్తిగా ఎండబెట్టో వదిలించుకోవాలి.

వయ్యారిభామ దగ్గర నేను గట్టిగానే మాట్లాడతాను. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో పుణె దగ్గర చూసినట్టు 1956లో ఆర్.ఎస్.రావు నమోదు చేశారు. ఈ 70 ఏళ్లలో అది ఎక్కని గట్టు లేదు. దానిలోని పార్థెనిన్ అనే పదార్థం వల్లే తాకినవాళ్ల చర్మం పగిలి రసి కారుతుంది. పుప్పొడి పీల్చినవాళ్లకు ఉబ్బసం రావచ్చు. తెలుగు రైతు మరిచిపోకూడని ఇంకో సంగతి, 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగను ఎండబెట్టిన కాండం కుళ్లు తెగులు. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. ఆ తెగులు తెచ్చిన పొగాకు స్ట్రీక్ వైరస్‌కు ముఖ్యమైన ఆశ్రయం గట్ల మీది వయ్యారిభామే. దాని పుప్పొడిని మోసుకొచ్చిన తామర పురుగులు చేలోకి వైరస్‌ను దించాయి.

ఇలాంటి మొక్కను కూరగాయల మీద కొట్టే పిచికారీగా ఇంట్లో తయారుచేసుకోమని చెప్పడానికి నాకు మనసొప్పదు. తక్కువ గాఢతలో మొలకలకు ఊపు వచ్చినట్టు ప్రయోగాలు ఉన్నమాట నిజమే. అయినా దాన్ని కోసి, తరిగి, వడకట్టేది ఎక్కువగా మహిళా కూలీలు. చేతి తొడుగు లేకుండా ఆ పని చేయించడం తప్పు. వయ్యారిభామకు సరైన దారి పూతకు ముందే కోసి కంపోస్టు చేయడం. పూర్తిగా మాగిన కంపోస్టులో పార్థెనిన్, ఫినాల్స్ బాగా తగ్గిపోతాయి, పోషకాలు మిగులుతాయి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలనాలయం ఏటా ఆగస్టులో నిర్వహించే వయ్యారిభామ వారంలో చెప్పే మాట కూడా ఇదే.

ఇక అటికమామిడి. మన పల్లెల్లో కూరగా వండుకునే ఈ నేలపాకుడు కలుపు వేరు సారానికి పెరుగుదల పెంచే గుణం కన్నా విలువైనది ఒకటుంది. దాన్ని ముందుగా కొట్టిన మొక్కల్లో వైరస్ తెగుళ్లను తట్టుకునే శక్తి పెరుగుతుందని లక్నోలో వర్మ, అవస్థి 1979లోనే ప్రచురించారు. ఆకుముడత వైరస్‌తో టమాటా, మిరప రైతులు పడుతున్న అవస్థ చూస్తే దీని మీద ఇక్కడ మళ్లీ పని జరగాల్సిన అవసరం కనిపిస్తుంది.

ఉమ్మెత్త, కామంచి విషయంలో ఒక హెచ్చరిక. ఇవి టమాటా, మిరప, వంగ కుటుంబానివే. పొగాకు మొజాయిక్ లాంటి వైరస్‌లు వాటిలో ఉండి, పచ్చి రసంతో పాటే మన పైరుకు అంటుకోగలవు. ఆ వైరస్ సుమారు 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. దశపర్ణి, బ్రహ్మాస్త్రం వంటివాటిలో ఉమ్మెత్తను వాడేవాళ్లు పురుగు మందుగానే వాడుతున్నారు. దాన్ని పెరుగుదల టానిక్కు అనుకుని కోతకు వచ్చిన కూరగాయల మీద కొట్టడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడం.

పళ్లెంలో పదిరోజుల పరీక్ష

మునగాకు రసాన్ని పెరుగుదల టానిక్కుగా వాడటం 1990ల చివర నికరాగ్వాలో నికోలస్ ఫాయిడ్ల్ చేసిన పనితో పేరుకెక్కింది. ఇవాళ ఏ దేశంలో పరిశోధకుణ్ని అడిగినా మునగకు దాదాపు ఒకే అంకె చెబుతారు. ఆకు రసానికి 30 రెట్ల నీరు. అలాంటి అంకె మన కలుపుల్లో ఒక్కదానికీ లేదు. అది వచ్చేదాకా రైతు తన చేతిలో ఉన్న పరీక్షనే నమ్ముకోవాలి. ప్రయోగశాలల్లో చేసేదీ దాదాపు ఇదే. కావలసినవి స్టీలు పళ్లేలు, టిష్యూ కాగితం, విత్తనాలు, స్కేలు.

పూతకు రాని లేత కలుపును నీడన ఎండబెట్టి పొడి చేయాలి. 100 గ్రాముల పొడిని లీటరు నీటిలో ఒక రోజంతా నానబెట్టి పలచటి గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి. ఇది 10 శాతం ద్రావణం, అసలు సారం. దీన్ని నేరుగా ఏ మొక్క మీదా పోయకూడదు. ఇందులో 50 మిల్లీలీటర్లు తీసుకుని 50 మిల్లీలీటర్ల నీరు కలిపితే 5 శాతం. 20కి 80 కలిపితే 2 శాతం, 10కి 90 కలిపితే 1 శాతం, 5కి 95 కలిపితే అర శాతం. వీటితో పాటు వట్టి నీరు తప్పనిసరి. వట్టి నీటి పళ్లెం లేని పరీక్షకు విలువ లేదు, దేనితో పోల్చి పెరిగిందంటాం?

ప్రతి గాఢతకూ మూడు పళ్లేలు, పళ్లెంలో పాతిక విత్తనాలు. ముల్లంగి అయితే అయిదో రోజుకే లెక్క తేలుతుంది. టమాటాకు వారం దాటాలి, మిరపకు పది రోజులు పట్టొచ్చు. మందు చల్లిన విత్తనం కాకుండా ఇంటి విత్తనం వాడటం మంచిది. ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి ఊరుకోకూడదు, వేరు పొడవు కొలవాలి. కలుపు సారపు దెబ్బ మొదట తగిలేది వేరుకే. కాండం బాగానే కనిపిస్తూ వేరు పొట్టిగా, చివర గోధుమ రంగుకు తిరిగితే ఆ గాఢత విషమని అర్థం. వట్టి నీటి పళ్లెంలో కన్నా వేరు పొడవుగా వచ్చిన గాఢతే మనం వెతుకుతున్నది. ఏ గాఢతలోనూ రాకపోతే ఆ కలుపు ఆ పంటకు పనికిరాదు, అక్కడితో వదిలేయాలి.

రసంలో కరిగిన లవణాలు ఎక్కువైతే విషం ఏమీ లేకపోయినా విత్తనం నీరు పీల్చుకోలేదు. ద్రావణం విద్యుత్ వాహకతను కొలిచే చిన్న మీటరు ఇప్పుడు పాలీహౌస్ రైతుల దగ్గర, హైడ్రోపోనిక్స్ చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. దానితో ఒకసారి చూసుకుంటే ఈ అనుమానం తీరుతుంది.

పళ్లెంలో నెగ్గిన గాఢతను ప్రోట్రేలోని నారు మీద, ఆ తర్వాతే చేలో నాలుగు సాళ్ల మీద చూడాలి. పక్కన నాలుగు సాళ్లకు వట్టి నీరు, ఇంకో నాలుగు సాళ్లకు పలచటి యూరియా లేదా పొటాష్ నీరు కొట్టాలి. రీస్ వేసిన ప్రశ్నకు జవాబు ఆ మూడో నాలుగు సాళ్లలోనే దొరుకుతుంది. కలుపు రసం కొట్టిన సాళ్లు ఎరువు నీళ్ల సాళ్లను మించకపోతే, మనం చేసింది ఎరువు పనే. అలాగని అది తక్కువ పనేం కాదు, కొనకుండా దొరికిన ఎరువు. కానీ దాన్ని హార్మోన్ అని చెప్పుకోకూడదు, అలా చెప్పి అమ్మేవాళ్లను నమ్మకూడదు.

దుకాణంలో ఏం జరుగుతోంది

తెలుగు రాష్ట్రాల్లో ‘బయో మందులు’ అన్న మాటకు ఉన్న చరిత్ర రైతులకు చెప్పనక్కర్లేదు. మొక్కల సారమని లేబులు వేసి, లోపల రసాయన పురుగుమందు కలిపి అమ్మిన సరుకు ఎందరినో ముంచింది. ఎగుమతికి వెళ్లిన మిర్చిలో అవశేషాలు బయటపడితే, తాను ఏ రసాయనమూ కొట్టలేదని రైతు ప్రమాణం చేసి చెప్పినా వినేవాళ్లుండరు.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2021 ఫిబ్రవరిలో ఇలాంటి టానిక్కులను జీవ ఉత్ప్రేరకాల (బయోస్టిమ్యులెంట్ల) పేరుతో చేర్చారు. అందులో మొక్కల సారాలకు, సముద్రపు నాచు సారాలకు ఒక విభాగం ఉంది. వీటిలో పురుగుమందు అవశేషం పది లక్షల పాళ్లకు 0.01 పాలు మించకూడదన్న నిబంధన పెట్టారు. వాటికి ఇచ్చిన తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్ 16తో ముగిసింది. దేశంలో ఒకప్పుడు 30 వేల దాకా ఇలాంటి ఉత్పత్తులు ఏ తనిఖీ లేకుండా అమ్ముడయ్యాయని, తర్వాత 8 వేలకు, చివరికి 650 దగ్గరకు తగ్గాయని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 జులైలో చెప్పారు. మిగతా వేల సీసాల్లో ఏముందో తెలియకుండానే మన చేలకు కొట్టాం.

సముద్రపు నాచు దారి మనకు ఒక మంచి ఉదాహరణ. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ నాచు రసం తీసే పద్ధతిని తయారుచేసింది, మోతాదులు తేల్చింది. ఇఫ్కో దాన్ని సాగరిక పేరుతో తెచ్చింది. ఎవరూ విలువ ఇవ్వని మొక్క ప్రభుత్వ పరిశోధనశాల గుండా నడిచి, కొలతతో రైతు ట్యాంకులోకి వచ్చింది.

సీసా లేకుండా కూడా ఆ పని చేయవచ్చని చూపింది ఐరోపా. ఫ్రాన్స్‌లో తాకితే దురద పెట్టే నెటిల్ అనే కలుపును పులియబెట్టి కూరగాయలకు కొట్టడం పాత పద్ధతి. 2006లో వచ్చిన ఒక చట్టంతో అనుమతి లేని అలాంటి తయారీలను సిఫార్సు చేయడమే నేరమయ్యే పరిస్థితి వచ్చింది. తోటమాలులు, రైతులు ఏళ్ల తరబడి పోట్లాడారు. చివరికి 2017లో ఐరోపా సమాఖ్య నెటిల్‌ను మూల పదార్థంగా ఆమోదించింది. ఎంత ఆకు, ఎంత నీరు, ఎన్నాళ్లు నానాలి, ఏ పంటకు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది అందరికీ అందుబాటులో ఉండే పత్రంలో రాసిపెట్టారు. ఆ పత్రానికి యజమాని లేడు, ఏ రైతైనా చూసి చేసుకోవచ్చు.

మన విశ్వవిద్యాలయాలు చేయాల్సింది

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో నీమాస్త్రానికి అయిదు కిలోల వేపాకు, వంద లీటర్ల నీరు అన్న కొలత పల్లెల్లో అందరి నోటా ఉంది. మహిళా సంఘాలు ఊరూరా ఆ కషాయాలు తయారుచేస్తున్నాయి. కొలత అందిస్తే పాటించే మనుషులు, పంచే యంత్రాంగం రెండూ మన దగ్గర ఉన్నాయి. లేనిది కలుపులకు అలాంటి కొలత ఒక్కటే.

వెంకటరామన్నగూడెంలో ఒకటి, ములుగులో ఒకటి, రెండు రాష్ట్రాలకూ ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. మిరపకు గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం ఉంది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. పెద్ద పరికరాలు అక్కర్లేని పని ఇది. తుంగ, శుభ్రమైన నీటి గుర్రపుడెక్క, అటికమామిడి, గడ్డిచేమంతి, గునుగు, ఈ అయిదు కలుపులు తీసుకోవాలి. టమాటా, మిరప, బెండ, దొండ మీద, ఒక్కోటి అయిదు గాఢతల్లో, వట్టి నీటితోనూ సమాన పోషకాల నీటితోనూ పోల్చి రెండు రబీలు చూస్తే చాలు. పీజీ విద్యార్థులు ఇలాంటి పళ్లెం పరీక్షలు ఏటా చేస్తూనే ఉన్నారు. అవి థీసిస్‌లుగా బైండు అయి బీరువాల్లో ఉండిపోతున్నాయి. వాటిని బయటకు తీసి, పొలంలో మళ్లీ చేసి, పనిచేసినవాటినీ పనిచేయనివాటినీ కూడా ఒకే పట్టికలో తెలుగులో అచ్చువేయాలి. ఏ కలుపు కాయగూరలో ఏ అవశేషం మిగులుస్తుందో పరీక్షించి, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో ఆ పట్టికలోనే రాయాలి. అది రైతు సేవా కేంద్రాల గోడల మీద, రైతు వేదికల్లో అంటించాలి. కాలువ గట్టున కుప్ప పోసిన గుర్రపుడెక్కను చూసి ‘దీనితో ఏం చేయొచ్చు?’ అని అడిగే రైతుకు ఆ పట్టిక చూపించి ‘ఇన్ని పాళ్ల నీటికి ఇంత’ అని చెప్పగలగాలి.